గుల్మార్గ్ దారిలో కనిహామా

గొండోలా (తీగల మీద కొండెక్కే కేబుల్ కారు) టికెట్లు ముందే బుక్ చేసుకున్నాం, అయినా ఆరోజు గుల్మార్గ్ చేరలేదు. శ్రీనగర్‌లో రెండ్రోజులుగా ఏ డ్రైవరైనా సరే ఏదో ఒక షోరూముకే తీసుకెళ్ళేవాడు, అక్కడివాళ్ళేమో శాలువాని ఉంగరంలోంచి లాగి చూపించి ఇదే ప్యూర్ పష్మీనా (సన్నటి మేక ఉన్ని) అంటారు, పల్చగా ఉంటే ఏ గుడ్డైనా దూరుతుంది కదా, విసుగొచ్చేసింది. అందుకే మాగం ఊరు రాకముందే, కనీ శాలువాలు నేసే కనిహామా బోర్డు కనపడగానే నేనే కారు ఆపించాను.

ఓ ఇంటి మేడమీద మగ్గం. మా తాతయ్యది మంగళగిరిలో గుంట మగ్గం, అడ్డదారం మోసే నాడా అటూ ఇటూ పరిగెడుతూనే ఉండేది. ఇక్కడ డిజైన్ ఉన్నచోట నాడాతో పనే లేదు! పడుగు (నిలువు దారాలు) మీద వందల కొద్దీ చెక్క పుల్లలు, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం, మన కండెల్లాంటివే, వాటినే కనీ అంటారు. ఎదురుగా తాలీం కాగితం, అందులో బొమ్మ ఉండదు, ఏ రంగు ఎన్ని పోగుల మీదుగా పోవాలో గుర్తులుంటాయంతే. పెద్దాయన అది చదువుకుంటూ పుల్ల పుల్లా దూర్చి తీస్తున్నారు. పొద్దున్నుంచి ఎంతయిందని అడిగితే వేలు అడ్డంగా పెట్టి చూపించారు, అంత కూడా లేదు. నిండు డిజైనుదైతే ఏడాది దాటుతుందట. షోరూములో ఇలాంటిదానికే మూడున్నర లక్షలు చెప్పారు, ఈయనకి రోజుకి వచ్చేది మా ఊళ్ళో తాపీమేస్త్రీ కూలీలో సగం కూడా లేదు.

నెపోలియన్ సైన్యం ఈజిప్టు నుంచి పట్టుకెళ్ళిన కాశ్మీరు శాలువాలతోనే పారిస్‌లో ఈ మోజు పెరిగింది, ఆయన భార్య జోసెఫిన్ రాణి కుప్పలుగా కొనేది. స్కాట్లండ్‌లో పేస్లీ ఊరివాళ్ళు కాపీ నేశారు, చివరికి శాలువాల మీది మామిడిపిందె డిజైనుకి వాళ్ళ ఊరి పేరే పడింది. మన షాపుల్లో కూడా పేస్లీ అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది, మామిడిపిందె అనడానికేం? ఇక్కడ నేసినవాళ్ళకి మాత్రం దాగ్‌షాల్ (శాలువాల మీద పన్ను వేసే రాజుగారి శాఖ) పన్నులే మిగిలాయి, భరించలేక 1865 ఏప్రిల్ 29న శ్రీనగర్‌లోని జాల్‌దాగర్‌లో గుమిగూడితే రాజుగారి సైన్యం మీదపడింది, 28 మంది పోయారు. తర్వాత 1870లో ఫ్రాన్స్, ప్రష్యా యుద్ధంతో ఆ గిరాకీ కూడా పడిపోయింది. మనం సన్మానాల్లో కప్పే దుశ్శాలువా మాట కూడా ఈ దోషాలా నుంచి వచ్చిందే, జంట శాలువా అని.

పెద్దాయనకి తాతయ్య సంగతి చెప్పాను. "ఇప్పుడు ఆ మగ్గం మీద ఎవరు కూర్చుంటున్నారు బేటా?" అన్నారు. అచ్చు, నాడా అటకమీద ఉన్నాయన్నాను. ఆయన తలూపి మళ్ళీ తాలీంలోకి చూశారు. కింద డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు, మా ఆవిడ గొండోలా ఊసెత్తలేదు, ఇంకో గంట అక్కడే కూర్చున్నాం.