ఐస్‌క్రీం పుల్లతో తీసిన గ్రాఫిక్స్ కార్డు

రోహిణి కార్తెలో కూర్చుని కొత్త పీసీ బిగించుకునే మనిషిని ఏమంటారో మీ ఇష్టం, నేను ఆ పనే చేశా. పాతది రోజుకు మూడుసార్లు దానంతటదే ఆగిపోతుంటే విసుగొచ్చి, సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లి రైజెన్ 5 7600 ప్రాసెసర్, దానికో బీ650 మైక్రో ఏటీఎక్స్ మదర్‌బోర్డు తెచ్చుకున్నా. కంపెనీ పేరు అడక్కండి, ఆ ధరలో ఇలాంటి తలనొప్పులు చాలా బోర్డులకు ఉన్నవే. షాపతను మాత్రం "అన్నా, ఇది తీస్కో, లైట్లు మస్తుంటయ్" అన్నాడు. లైట్లు మస్తుగానే ఉన్నాయి, అందులో అబద్ధం లేదు.

నేను చూడాల్సింది ప్రాసెసర్ కూర్చునే సాకెట్ పక్కనుండే వీఆర్‌ఎంని. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కి పనికొచ్చే ఒక వోల్టు చిల్లరకు దించేది అదే, దించుతూ వేడెక్కేదీ అదే. నా బోర్డులో ఎడమ పక్క వరసకు వేడి లాగేసే హీట్‌సింక్ ఉంది, పై వరసను బోడిగా వదిలేశారు. ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ ఉన్నన్నాళ్లూ తేడా తెలీలేదు, దాని ఫ్యాన్ గాలిని కిందికి, బోర్డు మీదికే కొడుతుంది కదా. చప్పుడెక్కువని దాన్ని తీసేసి టవర్ కూలర్ పెట్టా. ప్రాసెసర్ చల్లబడింది గానీ, ఇది అడ్డంగా వెనక్కి ఊదే రకం, వీఆర్‌ఎంకి గాలి కరువైంది: గదిలో 37 డిగ్రీలున్న మధ్యాహ్నం వీడియో రెండర్ పెడితే, అంతకుముందు 70 దగ్గర ఆగే వీఆర్‌ఎం రీడింగ్ 84కి ఎక్కి కూర్చుంది. 7600 ఎంత లాగినా 88 వాట్లే కాబట్టి బతికిపోయా. 230 వాట్ల దాకా లాగే 7950ఎక్స్ కూడా ఇందులో పెట్టుకోవచ్చని బాక్సు మీద ఉంది, పెట్టుకోవచ్చు నిజమే, మన మే నెలలో అది పూర్తి స్పీడుతో నడుస్తుందని మాత్రం ఎవరూ రాయలేదు.

సరే, వెనక ఇంకో ఫ్యాన్ పెడదామంటే బోర్డులో ఉన్నవే మూడు ఫ్యాన్ పిన్నులు, ఖాళీగా ఉన్న ఒక్కటీ కింది అంచున. ఫ్యాన్ వైరు అక్కడిదాకా రాదు. చివరికి ఒకే పిన్నుకు రెండు ఫ్యాన్లు తగిలించే స్ప్లిటర్ ఒకటి కొని ముగించా, ఇప్పుడు 77 దాటట్లేదు.

అసలు కోపం ఎస్ఎస్‌డీ పెట్టే రెండో ఎం.2 స్లాట్ మీద. దాన్ని సరిగ్గా గ్రాఫిక్స్ కార్డు కింద పెట్టారు, కార్డు వేడంతా ఎస్ఎస్‌డీ నెత్తినే. పోనీ ఎస్ఎస్‌డీ మార్చాలంటే కార్డు తీయాలి, కార్డు తీయాలంటే దాని స్లాట్ చివరి లాక్ నొక్కాలి, ఆ లాక్ కార్డుకీ టవర్ కూలర్‌కీ మధ్య సందులో ఉంది, నా చిటికెన వేలు కూడా దూరలేదు. స్క్రూడ్రైవర్ పెడితే జారి బోర్డు మీద గీత పడుతుందని భయం. పిల్లల ఐస్‌క్రీం పుల్ల కడిగి తెచ్చి నొక్కితే టిక్కుమని వచ్చింది.

ఏఎం5, అంటే ఈ రైజెన్ కూర్చునే సాకెట్ ఉన్న పీసీ, కొత్తగా బిగించేవాళ్లకి ఇంకొక్క మాట: మొదటిసారి ఆన్ చేశాక డీడీఆర్5 ర్యామ్ సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. టెన్షన్‌తో స్విచ్ కట్టేయకండి. నేను రెండుసార్లు కట్టేశా.

పుల్ల ఇప్పటికీ క్యాబినెట్ మీదే ఉంది. మా ఆవిడ రెండుసార్లు పారేయబోతే ఆపా.