గోడలు దూకే గుర్రం, పిల్లల్ని మోసే గుర్రం

ఐర్లండ్ పడమటి అంచున ఉన్న కానెమారాకు చాలామంది కొండలూ సముద్రమూ చూడటానికి వెళ్తారు. నేను గుర్రాల కోసం వెళ్లాను. ఆ వేసవిలో గాల్వేలో ఉంటున్న తమ్ముడి ఇంటికి చేరేసరికే మేనకోడలు గుర్రపు స్వారీ కావాలని పట్టుపట్టి కూర్చుంది. "అత్తా, నువ్వు చెబితే నాన్న కాదనడు" అని నన్ను ముందుకు తోసింది. కాదనలేదు.

గాల్వే నుంచి కానెమారాలోని క్లిఫ్డెన్ అనే ఊరికి దాదాపు 80 కిలోమీటర్లు. దారిలో ఊక్టరార్డ్ అనే ఊరు దాటాక పచ్చని పొలాలు పలచబడి చిత్తడి నేలలు, బండరాళ్లు, చిన్న చిన్న సరస్సులు మొదలవుతాయి. కుడిచేతి వైపు ట్వెల్వ్ బెన్స్ కొండలు. ఎక్కడ చూసినా సున్నమూ మట్టీ లేకుండా ఒట్టి రాళ్లు పేర్చి కట్టిన గోడలే. కానెమారా పోనీ అనే ఇక్కడి పొట్టి గుర్రం జాతి గురించి తెలుసుకోవాలంటే ముందు ఈ నేలను చూడాలి. పేదరైతు ఇంట్లో ఒకే ఒక్క గుర్రం ఉండేది. చలిమంటకు చిత్తడి నేలల్లోంచి తవ్వితెచ్చే పీట్ అనే మండే మట్టిగడ్డలు, చేనుకు ఎరువుగా వేసే సముద్రపు నాచు దాని వీపున బుట్టల్లో వచ్చేవి. ఆదివారం ఇంటిల్లిపాదినీ చర్చికి తీసుకెళ్లేదీ అదే. పిల్లల్ని తన్నే గుర్రాన్నో, రాళ్ల మీద తడబడే గుర్రాన్నో మేపే స్తోమత ఎవరికుంది? సాధువైనదీ, కాలు స్థిరంగా వేసేదీ మాత్రమే మిగిలింది. దీని మంచితనాన్ని దేవుడిచ్చిన వరమని అందరూ పొగుడుతారు కానీ, నాకు మాత్రం అందులో పేదరికం చేసిన వడపోతే ఎక్కువగా కనిపించింది.

ఈ జాతిని కాపాడటానికి 1923లో పెంపకందారుల సంఘం ఏర్పడింది. వాళ్ల వంశావళి పుస్తకంలో మొదటి నంబరు 1904లో పుట్టిన కానన్ బాల్ అనే మగ గుర్రానిది. మేము దాటి వచ్చిన ఊక్టరార్డ్‌లోనే అది వరుసగా 16 ఏళ్లు రైతుల పందెం గెలిచిందని చెప్పుకుంటారు.

మేము వెళ్లిన గుర్రపుశాలలో మిస్టీ అనే ఆడ గుర్రాన్ని చూపించారు. తెల్లగా ఉంది. పుట్టినప్పుడు నల్లగా ఉండేదట, ఈ జాతిలో చాలావాటికి వయసుతోపాటు రంగు వెలిసిపోతుంది. శాల యజమానురాలి కూతురు, పదిహేనేళ్ల పిల్ల, ముందుగా దాన్ని దూకించి చూపించింది. కంచె ఇంకా నాలుగు అడుగులు ఉందనగా మిస్టీ చెవులు ముందుకు నిక్కాయి. వెనక కాళ్లు ఒంటికిందికి దగ్గరయ్యాయి. ముందు మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకున్నాయి. ఆ పిల్ల జీను మీంచి కాస్త లేచి, పగ్గాలు వదులు చేసింది, అంతే. గుర్రం పని గుర్రం చేసుకుంది. కానెమారా రక్తం ఉన్న స్ట్రోలర్ అనే పోనీ మారియన్ కోక్స్ అనే రౌతుతో కలిసి 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో వెండి పతకం గెలిచిందంటే నాకు అంతవరకు నమ్మబుద్ధి కాలేదు. దాని ఎత్తు 14.1 హ్యాండ్లు, అంటే భుజాల దగ్గర 145 సెంటీమీటర్లే. పోటీలో మిగతావన్నీ దానికంటే పెద్ద గుర్రాలే.

తర్వాత అదే గుర్రం మీద మా పిల్ల. వెంటనే ఎక్కనివ్వలేదు. ముందు బ్రష్‌తో ఒళ్లు రుద్దాలి, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు తీయాలి. విశాఖ బీచ్‌లో గుర్రమెక్కితే ఒక చుట్టు తిప్పి దించేస్తారు, దాని మొహమైనా చూడం. ఇక్కడ ఆ బ్రష్ పని చేస్తుండగానే పిల్ల భయం సగం పోయింది. హెల్మెట్ పెట్టి, రికాబులు పొట్టిచేసి ఎక్కించారు. "పగ్గాలు గట్టిగా లాగకమ్మా, అవతలి కొసన దాని నోరుంది" అన్నది యజమానురాలు. కాసేపటి క్రితం గాల్లో తేలిన మిస్టీ ఇప్పుడు తల దించుకుని ఒక్కో అడుగే వేస్తోంది. ఒకచోట పిల్ల పక్కకు ఒరిగింది. ఎవరూ చెప్పకుండానే ఆగి నిలబడింది. పిల్ల సర్దుకున్నాకే కదిలింది.

మరి అంత బుద్ధిమంతురాలా అంటే, నేనెక్కినప్పుడు చూడాలి! గట్టి ఎముక గల జాతి, నాలాంటి పొట్టివాళ్లను సులువుగా మోస్తుంది. కానీ గోడ పక్కన గడ్డి కనబడగానే ఆగిపోయి తాపీగా మేయసాగింది. మడమలతో ఎంత నొక్కినా తల ఎత్తలేదు. యజమానురాలు దూరం నుంచి నాలుకతో టక్కుమని ఒక్క చప్పుడు చేస్తేగానీ కదల్లేదు. ఎవరి మాట ఎంతవరకు వినాలో దానికి బాగా తెలుసు.

ఆగస్టులో మూడో గురువారం క్లిఫ్డెన్‌లో ఈ పోనీల ప్రదర్శన జరుగుతుంది. దానికి కూడా రావాలని కారెక్కుతూనే ఒప్పందం కుదిరింది. దారిలో అసలు మాట బయటపడింది.

"నాన్నా, మిస్టీని కొనుక్కుందామా?"

"మనది రెండో అంతస్తు తల్లీ."

"అంత గోడలు దూకేది, మెట్లు ఎక్కలేదా?"