వంగకుండా ఐదు నెలలు

నవంబర్‌లో నాకు నడుం ఆపరేషన్ అయింది. ఇప్పటికి ఐదు నెలలు. ఆపరేషన్‌కి ముందు రాత్రిళ్ళు నిద్ర పట్టక కనపడ్డ వీడియో అల్లా చూశాను, అన్నీ ఆపరేషన్ ఎలా చేస్తారు, ఎంతమందికి తగ్గుతుంది అనే చెప్పాయి కానీ ఇంటికొచ్చాక స్నానం ఎలా చెయ్యాలి, బాత్రూంకి ఎలా వెళ్ళాలి, కింద పడ్డ గరిటె ఎవరు తీస్తారు, ఇవి మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాలాగే ఎవరైనా ఇప్పుడు మంచం మీద పడుకుని ఫోన్‌లో వెతుక్కుంటూ ఉంటారేమో అని రాస్తున్నా.

మాది తెనాలి. పక్కనున్న పల్లెలో గవర్నమెంట్ ప్రైమరీ స్కూల్ టీచర్‌ని, 44 ఏళ్ళు. నడుం నొప్పి పదేళ్ళ నుంచీ ఉన్నదే, ఆడవాళ్ళందరికీ ఉండేదేగా అని బామ్ రాసుకుని పడుకునేదాన్ని. పోయిన జూన్‌లో ఒకరోజు తడిబట్టల బకెట్ ఎత్తి అలాగే పక్కకి తిరిగా, నడుంలో కలుక్కుమంది. రెండ్రోజుల్లో ఆ నొప్పి నడుంలోంచి ఎడమ కాల్లోకి దిగింది. పిరుదు దగ్గర మొదలై తొడ వెనకగా పిక్కలోంచి చిటికెన వేలు దాకా జివ్వుమని లాగేది, దగ్గినా తుమ్మినా ప్రాణం పోయేది. ఎంఆర్ఐ తీస్తే వెన్నెముక కింది చివర ఎల్5-ఎస్1 అనే చోట డిస్క్ జారింది అన్నారు, అంటే వెన్నుపూసల మధ్య మెత్తలాగా ఉండే దాని పైపొర చిరిగి లోపలి గుజ్జు బయటికి వచ్చి కాల్లోకి వెళ్ళే నరాన్ని నొక్కుతోందన్నమాట.

డాక్టర్ గారు వెంటనే ఆపరేషన్ అనలేదు. చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతో, ఫిజియోథెరపీతో దానంతటదే తగ్గుతుంది, ఆగుదాం అన్నారు. ఆగాం. ఒకసారి నడుంలో ఇంజెక్షన్ కూడా ఇచ్చారు, మూడు వారాలు బాగుంది, మళ్ళీ మొదలు. అక్టోబర్‌లో ఎడమ మునివేళ్ళ మీద నిలబడమంటే మడమ లేవలేదు, నేను ఎంత లేపుదామన్నా కాలు నా మాట వినలేదు. అది చూశాకే ఆపరేషన్ అన్నారు. ఇంకో మాట కూడా అప్పుడే చెప్పారు, మీకూ గట్టిగా చెప్తున్నా. కూర్చునే చోట స్పర్శ పోయినా, మూత్రం, విరేచనం మీద పట్టు తప్పినా తెల్లవారేదాకా కూడా ఆగకూడదట, ఆ రాత్రికి ఆ రాత్రే పెద్దాసుపత్రికి పరిగెత్తాలి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. అంగుళం కోత, మైక్రోస్కోప్‌లో చూస్తూ ఆ ముక్క తీసేశారు, మర్నాడే నడిపించారు. మెలకువ వచ్చేసరికి ఐదు నెలల కాలినొప్పి లేదు. కోత దగ్గర మంట ఉంది కానీ ఆ నొప్పి లేకపోవడంతో ఏడుపొచ్చేసింది. మూడోరోజు ఇంటికి పంపించేస్తూ మూడు మాటలు చెప్పారు, వంగకూడదు, బరువు ఎత్తకూడదు, నడుం తిప్పకూడదు. మొదటి ఆరు వారాలూ రెండు కిలోలు దాటి పట్టుకోవద్దు, 20 నిమిషాలు మించి ఒకేచోట కూర్చోవద్దు, మూడు నెలలు కింద కూర్చోవద్దు. సరే సార్ అన్నా. గుంటూరు నుంచి తెనాలి పాతిక కిలోమీటర్లే, కార్లో ముందు సీటు వెనక్కి వాల్చి పడుకున్నా, ప్రతి స్పీడ్ బ్రేకర్‌కీ మా ఆయన "వస్తోంది, పట్టుకో" అని ముందే చెప్తూ నడిపారు.

ఇంట్లో అడుగు పెట్టాక అర్థమైంది, మన ఇళ్ళల్లో బతుకంతా నేల మీదే ఉంటుందని. గ్రైండర్ కింద, కూరగాయల బుట్ట గట్టు కింద, బియ్యం డబ్బా కింద అరలో, బాత్రూంలో కొళాయి మోకాలి ఎత్తులో, బకెట్టు కింద, మగ్గు కింద, చెప్పులు కింద, దేవుడి దగ్గర దీపం పెట్టాలన్నా పీట మీద కూర్చోవాలి, తులసమ్మకి నీళ్ళు పోసి ముగ్గు పెట్టాలన్నా వంగాలి. ఇరవై ఏళ్ళుగా రోజుకి ఎన్ని వందల సార్లు వంగుతున్నానో నాకే తెలియదు. రెండు కిలోలు అంటే ఏంటో కూడా అప్పటిదాకా తెలియదు, అన్నంతో ఉన్న ఐదు లీటర్ల కుక్కరే అంతకంటే బరువు, నిండు బకెట్టు అయితే పదిహేను కిలోల పైనే.

మా ఆయనా, ఇంటర్ చదివే మా అబ్బాయీ ఒక ఆదివారం కూర్చుని ఇల్లంతా నడుం ఎత్తుకి మార్చారు. నాకు రోజూ కావాల్సిన ఉప్పు, పప్పు, కారం, టీ పొడి, చిన్న గిన్నెలు అన్నీ గట్టు మీదకి వచ్చాయి. బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి నాకు, స్టూల్ ఒకటి బకెట్‌కి, అందులో సగం వరకే నీళ్ళు ఎవరో ఒకరు నింపి పెట్టేవాళ్ళు. మాది ఇండియన్ టాయిలెట్, దాని మీద పెట్టుకునే స్టీల్ కమోడ్ స్టూల్ సర్జికల్ షాపులో దొరుకుతుంది. అది ఆపరేషన్‌కి ముందే కొని పెట్టుకోండి, మేం తర్వాత కొన్నాం, ఆ ఒకటిన్నర రోజు నేను పడ్డ అవస్థ ఎవరికీ వద్దు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది, ముక్కితే కోత దగ్గర, నడుంలో పీకేస్తుంది, సిగ్గుపడి చెప్పకుండా ఉండకండి, నేను నాలుగు రోజులు చెప్పలేదు. ఇసబ్గోల్, అరటిపండు, బాగా నీళ్ళు, డాక్టర్ రాసిచ్చిన సిరప్, వీటితో దారిలో పడింది.

మంచం మీంచి లేవడం కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. ముందు మోకాళ్ళు మడవాలి, తర్వాత భుజాలూ తుంటీ కలిపి దుంగ దొర్లినట్టు ఒకేసారి పక్కకి తిరగాలి, పాదాలు మంచం దిగుతుంటే మోచేత్తో, అరచేత్తో పరుపుని నొక్కి పైకి లేవాలి. నడుం మధ్యలో మెలి పడకూడదు. మొదట్లో ఇది చెయ్యడానికి నాకు రెండు నిమిషాలు పట్టేది, రాత్రి బాత్రూంకి లేవాలంటే ముందు కాసేపు ధైర్యం తెచ్చుకుని మరీ లేచేదాన్ని. ఇప్పుడు నిద్రలో కూడా అలాగే తిరుగుతున్నానట.

తిండి దగ్గర మా అత్తయ్యకీ నాకూ కొంచెం పేచీ వచ్చింది. ఆవిడకి 72 ఏళ్ళు. కోత ఆరేదాకా పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ వద్దు, గోంగూర అసలే వద్దు అని బీరకాయ, పొట్లకాయ తప్ప పెట్టలేదు. పుండు మానాలంటే పప్పు, గుడ్డు, పాలు, పెరుగు బాగా తినమని డాక్టర్ గారు చెప్పారంటే ఆవిడ నమ్మలేదు. పన్నెండో రోజు కుట్లు విప్పడానికి వెళ్ళినప్పుడు ఆవిడని కూడా తీసుకెళ్ళాం, ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని "అమ్మా, మీ కోడలికి రోజూ పప్పు పెట్టండి" అన్నారు. ఆ సాయంత్రమే ముద్దపప్పు వండింది.

కానీ అత్తయ్య గురించి నేను చెప్పాలనుకున్నది ఇది కాదు. ఒకరోజు హాల్లో నడుస్తుంటే నా చేతిలో టవల్ జారిపడింది. ఇంట్లో ఆవిడ తప్ప ఎవరూ లేరు. ఆవిడ కుర్చీలోంచి మోకాళ్ళు పట్టుకుని లేచి, గోడ ఆసరాతో వంగి, ఆ టవల్ తీసి దులిపి నా చేతికిచ్చింది. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దావిడ నా కోసం వంగడం ఏంటి అని ఆ రోజంతా కుమిలిపోయా, ఆ తర్వాత ఏది కింద పడ్డా అలాగే వదిలేసేదాన్ని, ఎవరినీ అడిగేదాన్ని కాదు. ఆ అడగకపోవడమే నా మీదకి తెచ్చింది.

24వ రోజు. పొద్దున్నే ఐదింటికి థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి, సీసాలోంచి అరచేతిలో వేసుకుంటుంటే జారి గచ్చు మీద పడి టిక్ టిక్ మంటూ మంచం కోడు దాకా దొర్లింది. ఆఖరి మాత్ర. అందరూ నిద్రపోతున్నారు. మా అమ్మాయి నా పక్కనే కింద చాప మీద పడుకుంది, చెయ్యి చాపితే దానికి అందుతుంది మాత్ర. ఎనిమిదో క్లాసు పిల్ల, రాత్రి పదకొండు దాకా చదివింది, ఈ చిన్న మాత్ర కోసం లేపడం ఎందుకు అనిపించింది. మంచం పట్టె పట్టుకుని మెల్లగానే వంగా. వేలు మాత్రకి తగిలింది కూడా. అప్పుడే కాల్లో పాత నొప్పి, ఐదు నెలలు తిన్న ఆ నొప్పే, పిరుదు నుంచి మడమ దాకా కరెంటు కొట్టినట్టు కొట్టింది. కేక పెట్టేశా. ఇల్లంతా లేచింది.

అంతా పాడుచేసుకున్నానే అనుకున్నా. డిస్క్ మళ్ళీ జారే అవకాశం వందలో ఐదు నుంచి పది మందికి ఉంటుందని ముందే చెప్పి ఉన్నారు. పదింటికి డాక్టర్ గారు చూశారు, కాలు ఎత్తించి, మునివేళ్ళ మీద నిలబెట్టి, పరవాలేదు, నరం ఇంకా వాచి ఉంది కాబట్టి లాగింది, మూడు రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు. మూడు రోజుల్లో తగ్గిపోయింది. కానీ తిరిగొచ్చేటప్పుడు కార్లో మా అమ్మాయి వెనక సీట్లోంచి "నన్ను లేపొచ్చుగా అమ్మా, నేను నీ పక్కన పడుకునేదే అందుకుగా" అంది, అని మళ్ళీ మాట్లాడలేదు. దానికి నేనేం సమాధానం చెప్పగలను. ఆ రోజు నుంచి అడగడం మొదలుపెట్టా. నోరు తిరగడానికి వారం పట్టింది, "కాస్త అది తీసివ్వవా" అనే మాట ఇంట్లో నేను ఎప్పుడూ అనలేదని అప్పుడే తెలిసింది.

చూడ్డానికి వచ్చేవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ప్రేమతోనే వస్తారు, కానీ గంట కూర్చుంటారు, మనల్నీ కూర్చోబెడతారు. పైగా "వెన్నుపూస ఎందుకు ముట్టుకోనిచ్చావమ్మా, మా తోడికోడలి చెల్లెలు అలాగే మంచాన పడింది" అంటారు. అప్పుడే ఆపరేషన్ అయిన మనిషి ముందు ఆ మాట అనకండి, దయచేసి. ఆ రాత్రి నిద్ర ఉండదు. మొదట్లో మర్యాదకి కూర్చునేదాన్ని, తర్వాత "ఏమీ అనుకోకండి, పడుకుని మాట్లాడతా" అని చెప్పేసేదాన్ని. కూర్చోవడం విశ్రాంతి అనుకుంటాం కదా, 1960ల్లో స్వీడన్‌లో నాకెమ్సన్ అనే డాక్టర్ మనుషుల డిస్కుల్లోకి సూది పెట్టి ఒత్తిడి కొలిచారు, నిలబడ్డప్పటికంటే ముందుకి వంగి కూర్చున్నప్పుడే ఎక్కువ ఉంది. మా ఫిజియో అమ్మాయి ఈ సంగతి చెప్పాక నేను పిల్లల నోట్సులు దిద్దేది కూడా బీరువా పక్కన ఎత్తు బల్ల పెట్టుకుని నిలబడే.

నడక మాత్రం మొదటిరోజు నుంచీ ఉంది. హాల్లోంచి వంటింట్లోకి ఐదు నిమిషాలు, రోజుకి ఆరుసార్లు, తర్వాత వీధి చివర కిరాణా కొట్టు దాకా, ఆరో వారానికి కాలవ గట్టు దాకా వెళ్ళొచ్చేదాన్ని. వ్యాయామాలు చూసి చేసేవి కావు, మీ ఫిజియో మీకు చెప్పినవే చెయ్యండి. నాకు నేర్పిన వాటిల్లో బాగా పనికొచ్చింది వంగడం. అవును, వంగడమే మళ్ళీ నేర్పారు, నడుం దగ్గర కాకుండా తుంటి దగ్గర వంగాలి, వీపు బల్లలా తిన్నగా ఉండాలి, పిరుదులు వెనక్కి పోవాలి. చిన్న వస్తువైతే ఒక చేత్తో బల్ల పట్టుకుని ఒక కాలు వెనక్కి చాపి తీసుకోవాలి. ఇది మూడో నెల తర్వాత మాట, అంతకుముందు కాదు.

సంక్రాంతికి నాకు తొమ్మిదో వారం. ధనుర్మాసమంతా మా వాకిట్లో ముగ్గు లేకపోతే నాకు తోచదు, నెల రోజులూ రోజుకో ముగ్గు పెట్టేదాన్ని. ఈసారి వాకిట్లో కుర్చీ వేసుకున్నా, మా అమ్మాయి గొంతుక్కూర్చుని పెట్టింది. "15 చుక్కలు, సందు చుక్క, 8 వచ్చేదాకా" అని నేను చెప్తుంటే వరస తప్పి రెండుసార్లు చెరిపింది, ముగ్గు పిండి వేళ్ళ మధ్య నుంచి ఒకచోట లావుగా ఒకచోట సన్నగా పడింది. 20 నిమిషాలకోసారి నేను లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూర్చునేదాన్ని. మెలికలు కలిసేసరికి ఏడున్నర అయింది. భోగి రోజుకి చేతి ఒడుపు వచ్చేసింది దానికి, మధ్యలో తామరపువ్వు సొంతంగా వేసింది.

సెలవుల తర్వాత స్కూల్లో చేరా. బండి ఇంకా వద్దన్నారు, అందుకని పల్లెవెలుగు బస్సు. బస్సులో వెనక చక్రాల మీద సీట్లు అసలు వద్దు, మధ్యలో కూర్చోండి, లేకపోతే నిలబడటమే నయం. కండక్టర్‌కి ఒకసారి చెప్తే అర్థం చేసుకుంటారు, నేను చెప్పా. స్కూల్లో నా పిల్లలు రెండో క్లాసు, సుద్దముక్క పడితే ముగ్గురు ఒకేసారి పరిగెత్తుకొస్తారు, తలలు గుద్దుకుంటారని వంతులు పెట్టా.

నెల క్రితం స్కూటీ మొదలుపెట్టా, మంచి రోడ్డు ఉన్నంత వరకే. గ్యాస్ బండ, నీళ్ళ క్యాన్, పాతిక కిలోల బియ్యం బస్తా, ఇవి ఇంక నేను ముట్టుకోను, అది ఇంట్లో అందరం అనుకున్న మాట. ఎడమ మడమ ఇప్పుడు లేస్తోంది, ఒంటికాలి మీద పదిసార్లు లేపగలుగుతున్నా, కుడి కాలితో పాతిక. పాదం బయటి వైపు, చిటికెన వేలు మాత్రం ఇంకా మొద్దుగానే ఉన్నాయి. దెబ్బతిన్న నరం మళ్ళీ పెరగాల్సి వస్తే రోజుకి ఒక మిల్లీమీటరే పెరుగుతుందట, నడుం నుంచి చిటికెన వేలు దాకా ఎంత దూరమో లెక్కేసుకోండి, అందుకే రోజులు లెక్కపెట్టొద్దు అన్నారు డాక్టర్ గారు.

ఆదివారం ఆదివారం మా అమ్మాయి నన్ను కళ్ళు మూసుకోమని పాదం దగ్గర కూర్చుంటుంది. పెన్సిల్ చివరతో ఒక్కో వేలూ ముట్టుకుని ఏ వేలో చెప్పమంటుంది. బొటనవేలు, పక్కది, నడిమిది ఎప్పుడూ తప్పలేదు. మొన్న చిటికెన వేలు రెండుసార్లు సరిగ్గా చెప్పా, మూడోసారి అసలు ముట్టుకుందో లేదో తెలియలేదు. "ముట్టుకున్నానమ్మా" అని నోట్‌బుక్‌లో రాసుకుంది, తేదీ వేసి.