కూడితే తొమ్మిది రావాలి

మన బడి పాత విద్యార్థుల ఉగాది కలయికకి సంచిక వేస్తున్నామనీ, మాస్టారి గురించి రెండు పేజీలు రాయమనీ కమిటీ వాళ్ళు ఫోన్ చేశారు. ఏ మాస్టారని నేను అడగలేదు. మీరూ అడగరు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఏం చదివానో నాకు గుర్తు లేదు. పదో తరగతి పరీక్షలూ అంతే. తొమ్మిదో తరగతి డిసెంబరు మాత్రం సిరా వాసనతో సహా గుర్తుంది. ల్యాబు పక్క గది, చేతిరాతకి కాపీలు తీసే సైక్లోస్టైల్ మిషను, సంక్రాంతి సంచిక.

స్టెన్సిలనే మైనం కాగితం కింద పలక పెట్టి, ములుకున్న ఉక్కు కలంతో రాయాలి. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, తేలిగ్గా రాస్తే సిరా దిగదు. మనది గుండ్రటి లిపి కాబట్టి ఇంకో చిక్కు. సున్న పూర్తిగా చుట్టేస్తే మధ్య ముక్క ఊడిపోయి, అచ్చులో నల్ల మచ్చ పడుతుంది. అందుకే మాస్టారు సున్నకీ, ఠకీ పైన వెంట్రుకంత సందు వదలమనేవారు. తప్పు పడితే ఎర్ర ద్రవం పూసి, బాగా ఆరనిచ్చి, దాని మీదే మళ్ళీ రాయాలి. ఆరకముందే రాసే తొందరలోనే మా బెంచీ ఎన్ని స్టెన్సిళ్ళు పాడుచేసిందో లెక్క లేదు. కాలువ గట్టు బడి కదా, పొద్దున్న మంచుకి కాగితాలు చెమ్మపట్టి రెండేసి లాగేవి. కట్ట విప్పి, అంచులు విసిరి, మధ్యలోకి గాలి పోనిచ్చాకే మిషను మీద పెట్టనిచ్చేవారు. ఒక పక్క ఆరకుండా రెండో పక్క వేయనిచ్చేవారు కాదు.

ఇక ఆ లెక్క. మధ్యకి మడిచే రెండు ఫుల్‌స్కేప్ కాగితాలు, నాలుగు స్టెన్సిళ్ళు, ఎనిమిది పేజీలు. 8 పక్కన 1, 2 పక్కన 7, 6 పక్కన 3, 4 పక్కన 5. ఏ రెండు కూడినా తొమ్మిదే. మన క్లాసు వకీలు 7 పక్కన 3 చెక్కిన సాయంత్రం తర్వాత ఆ తొమ్మిది లెక్క బడంతా పాకింది. మాస్టారు ఒక్క మాట అనలేదు. లాంతరు తెప్పించి, కొత్త స్టెన్సిలు ఇచ్చి, అది పూర్తయ్యేదాకా పక్కనే కూర్చున్నారు. అంత ఓపిక నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు.

తర్వాత పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు. కథలు మళ్ళీ మొదలుపెట్టింది రిటైరయ్యాకే. సంక్రాంతి ప్రత్యేక సంచికలకి దసరా లోపే పంపేస్తాను, కథ నా సొంతమేనన్న హామీపత్రం జతచేసి. రెండు అచ్చయ్యాయి. నిరుడు పుస్తకం వేశాను, డెమ్మీ సైజు, 300 ప్రతులు. ప్రెస్సులో పదహారు పేజీలు ఒక ఫారం. మొదటి ఫారంలో పక్కపక్క పేజీలు కూడితే 17 రావాలని నేను అంటే, ప్రెస్సు అబ్బాయి తలెత్తి చూశాడు. కథలు, ముందుమాట, విషయసూచిక కలిపి 131 పేజీలు తేలాయి. మూడు పేజీల కోసం తొమ్మిదో ఫారం ఎందుకని ఒక కథలో వర్ణన కోసి 128కి దించాను. ఆ కథే బాగుపడింది.

ప్రూఫులు సంక్రాంతి పండక్కే వచ్చాయి. యూనికోడులో టైపు చేసింది ప్రెస్సు వాళ్ళు వాడే అనూ ఫాంట్లలోకి మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి, మూడు హల్లులు కలిసే చోట మరీనూ. మార్చాక చదివిందే ప్రూఫు. ఒక్కరే చదివితే కన్ను తప్పుని సరిచేసుకుని ముందుకి పోతుంది. మా అమ్మాయి కామాలూ చుక్కలతో సహా పైకి చదివింది, నేను మూలం మీద వేలు పెట్టుకుని చూశాను. వంటింట్లో మా ఆడపడుచు అరిసెల పాకం పట్టింది. నీళ్ళలో వేస్తే ఉండ కట్టేదాకా కదలదు, లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్ళకి లొంగదు. అల్లుడు ఆత్రేయపురం పూతరేకులు తెచ్చాడు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళే ముందు 96 పేజీ దాకా అయింది. అంత సంతోషంగా గడిచిన పండగ నాకు ఇంకొకటి లేదు. పుస్తకం 300 ప్రతులూ అయిపోయాయి, ఇంకో 200 వేయించాను.

మన సంచిక నలభై రెండు పేజీలు అనుకుంటున్నారట. మధ్యలో పిన్ను కొట్టేదైతే నాలుగుతో భాగం పోవాలి, 44 చేయండి. కూడితే 45 రావాలి. ప్రెస్సుకి ఇచ్చే ముందు తెల్లకాగితాలు మడిచి, అంకెలు వేసి, ఆ డమ్మీ నాకు పంపండి. ముక్కనుమ దాకా ఊళ్ళోనే ఉంటాను.