సంతకం పెట్టని సార్‌తో కొండకు

చెల్లెలి కాన్పు కష్టమైన రాత్రి అమ్మ మొక్కుకుంది, నడిచి కొండెక్కి తలనీలాలు ఇస్తానని. బిడ్డకు ఆరో నెల వచ్చాక గానీ మొక్కు తీర్చడానికి కుదరలేదు. బయల్దేరే ముందురోజు పక్కింటి సార్ వచ్చి, "అక్క అన్ని మెట్లు ఎక్కాలంటే బ్యాగు మోసే మనిషి ఒకరు ఉండాల. నేనొస్తా" అన్నారు.

హైస్కూల్లో నాకు సోషల్ చెప్పింది ఆయనే. సొంతూరు నెల్లూరు, బాప్టిస్టు కుటుంబం, అంటే క్రైస్తవుల్లో ఒక శాఖ. చిత్తూరులో స్థిరపడి ముప్పై ఏళ్ళయింది. అప్పట్నుంచీ అమ్మకు ఆయన తమ్ముడే.

తెల్లవారుజామున బస్సెక్కితే అలిపిరి చేరేసరికి వెలుగొస్తోంది. పాదాల మండపంలో అమ్మ పాదుకలు నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసింది. మొత్తం 3550 మెట్లు. మాకు కాస్త ముందు ఒకావిడ మెట్టు మెట్టుకీ వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కళ్ళకద్దుకుని పై మెట్టుకు వెళ్తోంది. వేళ్ళు గోళ్ళదాకా పచ్చగా అయిపోయాయి. చీర కుచ్చిళ్ళ మీద ఎర్రటి మరకలు. నేను చూసుకోకుండా తొక్కేస్తున్నాను. సార్ మాత్రం ఆ బొట్ల మీద కాలు పడకుండా, ఓ పక్కగా, బ్యాగు భుజాలు మార్చుకుంటూ ఎక్కారు. ఎవరూ చెప్పలేదు ఆయనకు.

గాలిగోపురం దాటాక నేల కాస్త చదునుగా ఉంటుంది. ఊపిరి తిరిగాక సార్‌లో పాత పంతులు నిద్రలేచాడు.

"1801లో ఏం జరిగింది?" అని అడిగారు, క్లాసులో అడిగినట్టే. ఆర్కాటు నవాబు పాలన ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చిన సంవత్సరం అది. దాంతోపాటే తిరుమల గుడి పెత్తనమూ వచ్చింది. తర్వాత ఉత్తర ఆర్కాటు జిల్లాకు మా చిత్తూరే కేంద్రం, కాబట్టి మా ఊళ్ళో కూర్చున్న తెల్లదొరల దగ్గరికే కొండ మీది లెక్కలు వచ్చేవన్న మాట. 1821లో గుడి నిర్వహణకు బ్రూస్ కోడ్ అని నిబంధనలు కూడా రాసిపెట్టారు.

"సరిగ్గా అదే 1801లో అమెరికాలో, కనెక్టికట్‌లో, మా బాప్టిస్టులు ప్రెసిడెంట్ జెఫర్సన్‌కి మొర పెట్టుకున్నారు. అక్కడ వేరే చర్చికి సర్కారు అండ ఉండేది. మా ప్రార్థన మేం చేసుకోవడం మా హక్కు గానీ మీరు పెట్టే భిక్ష కాదు అనేది వాళ్ళ బాధ. 1802 జనవరి 1న ఆయన జవాబు రాశాడు. మతానికీ రాజ్యానికీ మధ్య గోడ అనే మాట అందులోదే. ఆ గోడ కావాలనుకున్నది దేవుణ్ణి నమ్మనివాళ్ళు కాదు నాయనా, నమ్మినవాళ్ళే."

చిన్నప్పుడు ఈ పాఠం విన్నట్టు నాకు గుర్తులేదు. విని ఉంటే మర్చిపోయేవాణ్ణి కాదు.

కంపెనీ కూడా చివరికి తిరుమల వదులుకుంది, గౌరవంతో మాత్రం కాదు. విగ్రహాలు పూజించే గుళ్ళతో క్రైస్తవ ప్రభుత్వానికి పనేమిటని ఇంగ్లండులో మిషనరీల వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. 1843లో హాథీరాంజీ మఠం మహంతు, అంటే మఠాధిపతి, సేవాదాస్‌కు అప్పగించి తప్పుకున్నారు. మహంతుల పెత్తనం 90 ఏళ్ళు సాగింది. 1932 చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానం కమిటీకి దారి పడి, మళ్ళీ సర్కారు లోపలికొచ్చింది. ఇప్పుడు 1987 నాటి దేవాదాయ చట్టం కింద దేవస్థానం బోర్డునూ, కార్యనిర్వహణాధికారి (ఈవో)నూ నియమించేది రాష్ట్ర ప్రభుత్వమే. మిరాసీ అర్చకత్వం, అంటే వంశపారంపర్యంగా వచ్చే అర్చక హక్కు, రద్దును 1996లో సుప్రీంకోర్టు సమర్థించింది.

హుండీ డబ్బుకు ఎవరో ఒకరు జనానికి లెక్క చెప్పాలి, దాన్ని నేను కాదనను. రాజ్యాంగం 25వ అధికరణం కూడా మతసంస్థల ఆర్థిక వ్యవహారాల వరకు నియంత్రణకు చోటిచ్చింది. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మారిపోతుంటే, అది భక్తుల గుడి అని ఎలా అనుకోవాలి? ఈ మాట నేను అమ్మ ముందు కూడా గట్టిగానే అంటాను.

మోకాళ్ళ పర్వతం దగ్గర మాటలు ఆగిపోయాయి. అక్కడ ఎవరికైనా ఆగాల్సిందే.

కల్యాణకట్టలో తలనీలాలు ఇచ్చి, గంధం రాసుకుని వచ్చాక అమ్మకు కొత్త కోరిక పుట్టింది. "ఇంతదూరం వచ్చినావు, దర్శనం చేసుకోకుండా పోతావా తమ్ముడూ?" హిందువులు కానివాళ్ళు దర్శనానికి వెళ్ళాలంటే డిక్లరేషన్ ఇవ్వాలి. తన మతం చెప్పి, శ్రీవేంకటేశ్వరస్వామి మీద విశ్వాసం ఉందని సంతకం చేయాలి. "ఒక్క సంతకమే కదా" అంది అమ్మ.

సార్ వెంటనే జవాబివ్వలేదు. చెప్పులు విడిచిన తన కాళ్ళకేసి చూసుకున్నారు. మెట్ల దుమ్ముతో తెల్లబడి ఉన్నాయి.

"నాకు ఆ నమ్మకం ఉంటే ఎన్ని సంతకాలైనా పెడతానక్కా. లేనిది ఉందని రాస్తే అది నా దేవుడికీ మర్యాద కాదు, మీ స్వామికీ మర్యాద కాదు. మీ ఫోన్లు ఇట్లియ్యండి, అవి అప్పజెప్పే లైన్లో నిలబడే పని తప్పుతుంది."

అమ్మ ఇంకేం అనలేదు. నేను మాత్రం క్యూలో నిలబడ్డంతసేపూ ఆ కాగితం గురించే ఆలోచించాను. నా గర్భగుడికి వచ్చేముందు నన్ను నమ్ముతావా అని గుడి అడగవచ్చు, అది గుడి హక్కు. ప్రభుత్వానికి మాత్రం ఏ పౌరుణ్ణీ ఆ ప్రశ్న అడిగే హక్కు లేదు. తిరుమలలో ఆ రెండూ ఒకే కౌంటర్ వెనక కూర్చున్నాయి. నాకు బాధ కలిగించేది అదే. సార్ సంతకం పెట్టకపోవడం కాదు.

దర్శనం ఒక్క క్షణం. అమ్మకు అంతే చాలు, కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

పుష్కరిణి పక్కన సార్ మా బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ముగ్గురం అన్నప్రసాదానికి వెళ్ళాం. తరిగొండ వెంగమాంబ పేరున్న ఆ భవనంలో నీ మతమేంటని ఎవరూ అడగరు. చక్కెర పొంగలి సార్ రెండోసారి పెట్టించుకున్నారు.

దిగేటప్పుడు బస్సులో అమ్మ అంది, "స్వామికి నీ గురించి కూడా చెప్పొచ్చినా తమ్ముడూ, మోకాళ్ళ నొప్పి తగ్గించమని."

"నేను మీ గురించి పొద్దున ఇంట్లోనే ప్రార్థన చేసుకుని బయల్దేరానక్కా, క్షేమంగా ఎక్కి దిగాలని."

అమ్మ లేచి కిటికీ పక్క సీటు ఆయనకిచ్చింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో సార్‌కు కడుపులో తిప్పుతుందట.