మీతో మగవాళ్లెవరూ రాలేదా?

స్కానింగ్ డాక్టర్ తెర మీది నుంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు ఆ మాట. అంతకుముందే పక్కనున్న అమ్మాయితో "గ్రోత్ లాగే ఉంది, రాసుకో" అన్నాడు. పొట్ట మీద జెల్‌తో నేనక్కడే పడుకుని ఉన్నాను. నాకేం చెవుడు లేదు.

అప్పటికి ఏడాదిగా యూరిన్ ఇన్ఫెక్షన్లు. మూత్రం కల్చర్ పరీక్ష చేసిన ప్రతిసారీ ఈ.కోలై అనే బ్యాక్టీరియా. మంట తగ్గగానే మందులు ఆపేసేదాన్ని, ఆ తప్పు నాదే. ఈసారి రక్తమే పడింది. మూత్రనాళం గుండా కెమెరా పంపి చూసే సిస్టోస్కోపీలో మూత్రాశయం గోడ మీద పసుపుపచ్చ గడ్డలు కనిపిస్తే ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు రాకముందే ఇంకో డాక్టర్ మా ఆయన్ని పక్కకు పిలిచి, బ్లాడర్ తీసేయాల్సి రావచ్చు అన్నాడట. ఏం చూసి అన్నాడో!

ఆ రాత్రి మంచం పక్కన యూరిన్ బ్యాగు వేలాడుతోంది. మాటిమాటికీ ఫోన్ లైటు వేసి రంగు చూసుకుంటున్నాను. ఒంటిగంటకు లేత గులాబీ, రెండున్నరకు మళ్లీ ఎరుపు. పైపులో చిన్న రక్తపు గడ్డ జారుతూ వచ్చి మలుపు దగ్గర ఆగింది. అది కదిలేదాకా ఊపిరి బిగపట్టాను. మా ఆయన అటు తిరిగి పడుకున్నారు. గురక లేదు, అంటే నిద్ర లేదు. బ్లాడర్ తీసేస్తే ఇలాంటి సంచీ ఎప్పటికీ ఉంటుందా అని అడుగుదామనుకుని ఊరుకున్నాను.

రిపోర్టులో మలకోప్లేకియా అని ఉంది. క్యాన్సర్ కాదు! బ్యాక్టీరియాను మింగిన రక్షణ కణాలు దాన్ని అరిగించుకోలేక గుంపులుగా పేరుకుని గడ్డ కడతాయట. ఆ కణాల్లో కాల్షియం పట్టిన గుండ్రటి చుక్కలే గుర్తు. 1902లో మైకేలిస్, గుట్‌మన్ అనే ఇద్దరు వాటిని వర్ణించారు, పేరూ వాళ్లదే. నా స్లైడుకు ప్రత్యేకంగా రంగు వేయించి ఆ చుక్కల్ని పట్టుకున్న పాథాలజిస్టును నేనెప్పుడూ చూడలేదు. రిపోర్టు కింద గజిబిజి సంతకం ఒక్కటే చూశాను. దాన్నే కళ్లకద్దుకున్నాను.

కణాల లోపలికి వెళ్లి పనిచేసే యాంటీబయాటిక్ నెలల తరబడి వాడాను, ఒక్క పూటా మానకుండా. మూత్రంలో రక్తం పడితే నొప్పి లేదు కదా అని మాత్రం ఊరుకోకండి. నాకు క్యాన్సర్ కాలేదని మీకూ కాదనుకోవద్దు, గడ్డ కనిపిస్తే బయాప్సీ చేయించాల్సిందే.

మొన్న ఫాలోఅప్‌కి మళ్లీ ఆ గదే, ఆ డాక్టరే. నన్ను గుర్తుపట్టలేదు. "అంతా నార్మల్. ఒక్కరే వచ్చారా?" అన్నాడు.

అవునన్నాను. మా ఆయన వస్తానన్నా వద్దని, కావాలనే ఒక్కదాన్నే వెళ్లాను.