మా ఇంట్లో అందరికీ ఇంతే

మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. ఎనిమిదో తరగతిలో పెద్దమనిషినయ్యాను. చిమ్మిలి పెట్టారు, ఓణీల ఫంక్షన్ చేశారు, ఊరందరికీ భోజనాలు. నెలసరి ఎన్ని రోజులుంటుంది, ఎంత రక్తం పోతే మామూలు, ఎంత పోతే కాదు అని మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నాకు మొదటి నుంచీ పది రోజులు దాటేది. గంటన్నరకే ప్యాడ్ నిండిపోయేది, రెండేసి పెట్టుకుని స్కూలుకెళ్లేదాన్ని. మెట్లెక్కితే ఆయాసం. అమ్మకు చెబితే "మా ఇంట్లో అందరికీ ఇంతేనే, నాకూ ఇంతే, అమ్మమ్మకీ ఇంతే" అని తల నిమిరేది. అమ్మమ్మ అయితే "చెడు రక్తం, పోనీ" అనేది.

ఊరుకోలేక అమ్మ టౌన్లో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆవిడ తల ఎత్తకుండానే "ఈ వయసులో హార్మోన్లు కుదురుకోవు, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయి" అని ఐరన్ టానిక్ రాసి పంపేసింది. మొదటి రెండు మూడేళ్లు అండం సరిగ్గా విడుదల కాక నెలసరి ముందూ వెనకా అవడం నిజమే, ఆ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. కానీ మేం అడిగింది ఎప్పుడొస్తోందని కాదు, ఎంత పోతోందని. పెళ్లి మాట గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒక్క రక్త పరీక్ష రాసి ఉంటే ఆ భోగి రాత్రి వచ్చేది కాదు.

అప్పుడు పదో తరగతి, సంక్రాంతి సెలవులకి అమ్మమ్మ వాళ్లింట్లో ఉన్నాం. ప్యాడ్లు అయిపోతే అమ్మ పాత నూలు చీర చించి మడతలు పెట్టింది, అవీ ఆగలేదు. అర్ధరాత్రి దాటాక పెరట్లో బాత్రూంకి వెళితే కార్జం ముక్కల్లా గడ్డలు పడ్డాయి. లేచి నిలబడ్డాను, కళ్లు చీకట్లు కమ్మాయి, తర్వాత తెలివొచ్చేసరికి మావయ్య కారు వెనక సీట్లో అమ్మ ఒడిలో ఉన్నాను. నాకు గుర్తున్నది చలి. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. అమ్మ నా అరికాళ్లు రుద్దుతూ కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామికి మొక్కుకుంటోంది. మొదట వెళ్లిన నర్సింగ్‌హోంలో డ్యూటీలో ఉన్నామె మావయ్య ముందే, అందరికీ వినపడేలా "అబార్షన్ బిళ్లలేమైనా మింగిందా?" అని అడిగింది. అలాంటప్పుడు గర్భం ఉందేమో చూడటం పద్ధతేనని తర్వాత తెలిసింది. చూడొచ్చు, చూడాలి కూడా. అమ్మాయిని పక్కకు పిలిచి మెల్లగా అడగొచ్చు కదా? ఆ మాటకి అమ్మ ముఖం ఎలా అయిపోయిందో నేను చూశాను. అక్కడ మా వల్ల కాదు, గుంటూరు తీసుకెళ్లండన్నారు.

గుంటూరులో నా కింది రెప్ప లాగి చూసిన డాక్టరమ్మ ఇంకేం అడగకుండా రక్తం తెప్పించారు. 12 ఉండాల్సిన హిమోగ్లోబిన్ 4.6 ఉంది. ఎవరిచ్చారో తెలియని రక్తం చల్లగా చేతిలోకి ఎక్కుతుంటే నిద్ర పట్టింది. వాళ్లెవరైనా సరే, నూరేళ్లు చల్లగా ఉండాలి.

మర్నాడు ఆవిడే మంచం పక్కన కూర్చుని అడిగిన ప్రశ్నలు వింతగా అనిపించాయి. ముక్కులోంచి రక్తం కారుతుందా? కారేది, వేడి చేసిందని సబ్జా గింజల నీళ్లు తాగించేవాళ్లు. పన్ను పీకించినప్పుడు రక్తం ఆగిందా? రాత్రంతా కారింది. ఇంట్లో ఇంకెవరికైనా? అప్పుడు అమ్మ మొదలుపెట్టింది. నేను పుట్టినప్పుడు తనకు రక్తం ఎక్కించడం, అమ్మమ్మకీ పెద్దమ్మకీ ముప్పై దాటగానే గర్భసంచి తీయించేయడం. డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి "అందరికీ ఇంతే అంటే మామూలని కాదమ్మా, అందరికీ జబ్బు ఉన్నట్టుంది" అన్నారు.

వాన్ విల్‌బ్రాండ్ జబ్బు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఒక ప్రొటీన్ తక్కువగా ఉండటం లేదా సరిగ్గా పనిచేయకపోవడం, పుట్టుకతో వచ్చేది, తల్లి నుంచైనా తండ్రి నుంచైనా. ఒకసారి పరీక్షలో సరిగ్గా తేలకపోతే మళ్లీ చేయాల్సి వస్తుంది, నాకు రెండోసారికి తేలింది. 1926లో ఎరిక్ వాన్ విల్‌బ్రాండ్ అనే ఫిన్లాండ్ డాక్టరు ఆలాండ్ దీవుల్లోని ఒక కుటుంబం గురించి రాస్తే ఈ జబ్బు బయటపడింది. ఆ ఇంటి పిల్ల యోర్డిస్, పదమూడేళ్ల వయసులో, తన నాలుగో నెలసరికే రక్తం ఆగక చనిపోయింది. అది చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

మందులు మామూలువే. నెలసరి రోజుల్లో రక్తం పోవడం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, కొన్నాళ్లు హార్మోన్ మాత్రలు, ఐరన్. హార్మోన్ మాత్రలు చూసి "పెళ్లికాని పిల్లకి గర్భం రాకుండా వేసేవేంటి" అని మా అత్త గొడవ చేసింది. రక్తం తగ్గించడానికమ్మా అని డాక్టరమ్మ ఫోన్లో చెబితేగానీ ఊరుకోలేదు. నొప్పికి ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ లాంటివి నాకు వద్దు, అవి రక్తస్రావం పెంచుతాయి, పారాసిటమాలే.

ఆడపిల్లల తల్లులకి ఒక మాట. గంటకో రెండు గంటలకో ప్యాడ్ మారుస్తున్నా, వారం దాటినా, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా, స్కూలు మానేసేంత నొప్పి ఉన్నా చూపించండి. వచ్చాక మూడు నెలలు ఆగిపోయినా, పదిహేనేళ్లు నిండినా అసలు పెద్దమనిషి కాకపోయినా అంతే. కళ్లు తిరిగి పడిపోతే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. హిమోగ్లోబిన్‌తో పాటు ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయమనండి, మొదటి నెలసరి నుంచే ఎక్కువగా పోతుంటే రక్తం గడ్డకట్టే పరీక్షలు కావాలని మీరే అడగండి. మొహమాటపడకండి.

అమ్మ కోటప్పకొండ ఎక్కి మొక్కు తీర్చుకుంది, నేనూ వెళ్లాను. స్వామి దయ లేదని నేననను, ఆ రాత్రి ఆ డాక్టరమ్మే డ్యూటీలో ఉండటం నాకు దయే. మావయ్య కూతురికి పదేళ్లు, దానికీ ముక్కులోంచి రక్తం కారుతోందంటే ఈసారి సబ్జా గింజలు నానబెట్టలేదు, మావయ్యే గుంటూరు తీసుకెళ్లాడు. దానికీ ఉంది. మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు ఏ మాత్ర ఎంత వేయాలో, ఎప్పుడు ఆసుపత్రికి రావాలో డాక్టరమ్మ ముందే రాసిచ్చారు.